వంటమ్మ ఉప్పెందుకు వెయ్యలేదు?

ఆ రోజుల్లో జూబ్లీహిల్స్‌లో ఇళ్లకంటే బండరాళ్లే ఎక్కువ ఉండేవి. మద్రాసు నుంచి సినిమావాళ్లు ఒక్కొక్కరే సామాను సర్దుకొని వచ్చి, ఆ రాళ్లు పగలగొట్టించి, మేడలు కట్టించుకుంటున్నారు. పొద్దున్నే ఫిల్మ్‌నగర్ రోడ్డు మీద నిలబడితే స్టూడియో వ్యాన్లు, వాటి వెనక ఆటోలు, ఆటోల్లో ముందురోజు మేకప్ ఇంకా పూర్తిగా వదలని నిద్రమొహాలు కనిపించేవి. సినిమా మొత్తం ఇక్కడికి వచ్చేస్తోంది కాబట్టి ఇక తెలుగుకి ఏ లోటూ ఉండదని గట్టిగా నమ్మిన ఒకామెను నేను చూశాను, అద్దంలో. (అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు, చేతిలో తెలుగు ఎమ్మే, తల నిండా సాహిత్యం. ఈ మూడింట్లో అన్నం పెట్టేది ఏదీ లేదని యూసుఫ్‌గూడలో నన్ను తన ఇంట్లో పెట్టుకున్న మా పిన్ని అప్పుడే చెప్పింది. నేను వినలేదు.) ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల మీద జాలి వేస్తుంది. ఒక్కోసారి నెత్తిన ఒకటి మొట్టాలని కూడా అనిపిస్తుంది.

నాకు ఉద్యోగం ఇచ్చింది ఫిల్మ్‌నగర్‌లో కొత్తగా పెట్టిన ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ. కాలేజీ అంటే ఎవరిదో రెండంతస్తుల బంగళా. ఇంటి ఓనరు దాన్ని సెలవు రోజుల్లో షూటింగులకి ఇచ్చుకునేవాడు. సోమవారం పొద్దున మేం వెళ్లేసరికి స్టాఫ్ రూము తలుపు మీద 'సబ్ ఇన్‌స్పెక్టర్' అని బోర్డు ఉండేది. ఒకసారి కెమిస్ట్రీ ల్యాబులో ఉయ్యాల బల్ల వేలాడుతూ కనిపించింది. ఇంకోసారి ఎవరో పెద్దాయనది దండ వేసిన ఫొటో మా క్లాసు గోడ మీద అలాగే ఉండిపోయింది. ఆయన ఎవరో మాకెవరికీ తెలియదు, అయినా యూనిట్ టెస్టుల ముందు పిల్లలు ఆయనకి దణ్ణం పెట్టుకునేవారు. మా కరస్పాండెంటు గారు (కాలేజీకి యజమాని ఆయనే, గుంటూరు వైపు నుంచి వచ్చినవారు) ఇవేవీ పట్టించుకునేవారు కాదు. ఆయన పట్టించుకునేది మార్కులొక్కటే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే నా ఏడుపేమిటో మీకు అర్థం కాదు. ఇంటర్మీడియట్లో రెండో భాషగా తెలుగైనా తీసుకోవచ్చు, సంస్కృతమైనా తీసుకోవచ్చు. సంస్కృతం తీసుకున్నవాళ్లు సంస్కృతం నేర్చుకోవాలన్న నిబంధన ఏదీ ఉన్నట్టు నాకైతే కనబడలేదు. ఆ ప్రశ్నలే తిరిగి తిరిగి వస్తాయి, జవాబులు బట్టీ పట్టి దింపేస్తే మార్కులు కుమ్మరించినట్టు పడతాయి. తెలుగు తీసుకున్నవాడు మాత్రం పద్యాలు, ప్రతిపదార్థాలు, సంధులు, సమాసాలు అన్నీ మోసి, చివరికి బొటాబొటి మార్కులతో బయటపడాలి. అందుకని తెలివైన తల్లిదండ్రులు పిల్లల్ని సంస్కృతంలో చేర్పించేవారు. ఇంట్లో మాట తెలుగు, తండ్రి తీసేది తెలుగు సినిమా, కొడుకు చదివేది సంస్కృతం! మా కాలేజీలో తెలుగు సెక్షను అంటూ ఒకటి మిగిలిందంటే, ఆలస్యంగా చేరినవాళ్లూ, ఏది తీసుకోవాలో చెప్పే దిక్కు లేనివాళ్లూ కొంతమంది ఉండబట్టే. నన్ను చేర్చుకున్న రోజే కరస్పాండెంటు గారు ఉన్నమాట చెప్పేశారు.

"చూడమ్మా, అర్ధ సంవత్సరం పరీక్షల దాకా చూస్తాను. మార్కులొస్తే సరే. రాలేదనుకో, అందర్నీ సంస్కృతానికి మార్చేస్తాను. సెక్షనే లేకపోతే ఇక నువ్వేం చేస్తావో నువ్వే ఆలోచించుకో."

నేను ఆలోచించుకోలేదు. నా పాఠం వింటే ఏ పిల్లలైనా తెలుగు వదిలి ఎక్కడికి పోతారని నా ధీమా.

మొదటి నెలలోనే ఆ ధీమా కాస్తా దిగిపోయింది. క్లాసులో సగం మంది ఫిల్మ్‌నగర్ మేడల పిల్లలు, మిగతా సగం రహమత్ నగర్ నుంచీ షేక్‌పేట నుంచీ నడిచి వచ్చే పిల్లలు. మేడల పిల్లల్లో చాలామంది మద్రాసులో పుట్టి పెరిగి అప్పుడే దిగినవాళ్లు, తెలుగు గలగలా మాట్లాడతారు గానీ అక్షరాలు కూడబలుక్కోవాలి. రెండో సగానికి అక్షరాలు వచ్చు, కానీ పుస్తకంలో ఉన్న తెలుగుకీ వాళ్ల నోట్లో ఉన్న తెలుగుకీ పొత్తు కుదరదు. నిద్రపోవడంలో మాత్రం రెండు సగాలకీ తేడా లేదు. నేను ఉపవాచకం నవల మొదలుపెట్టి, రచయిత జీవిత విశేషాలు, నవలా ప్రక్రియ, దాని పుట్టుక, పరిణామం అంటూ ఆవేశంగా చెప్పుకుపోతుంటే దండ వేసిన పెద్దాయన ఒక్కడే నన్ను కళ్లార్పకుండా చూసేవాడు.

ఒకరోజు ఇక ఓపిక చచ్చి, ముందు బెంచీలో హాయిగా తల వాల్చిన అబ్బాయిని లేపాను. అతను ఒక ప్రొడ్యూసరు గారి కొడుకు. ఇంట్లో నౌకర్లతో సహా అందరూ చినబాబు అంటారు కాబట్టి క్లాసులోనూ అదే పేరు. లేచి నిలబడి, కళ్లు నులుముకొని, ఎంతో మర్యాదగా అన్నాడు.

"మేడం, ఇదంతా ఎందుకండీ? లైన్ చెప్పేయండి చాలు."

"లైనా?"

"అదే మేడం, కథ. మా డాడీ కూడా లైనే వింటారు. రోజూ ఎవరో ఒకరు వచ్చి చెప్తుంటారు. డాడీ సోఫాలో పడుకుని కళ్లు మూసుకుని వింటారు. నచ్చితే లేచి కూచుంటారు. మా ఇంట్లో ఎవరూ ఏదీ చదవరు మేడం, అందరం వింటాం."

క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే, సరే వినండిరా అని పుస్తకం మూసేసి బల్ల మీద పెట్టి, "అనగనగా ఒక ఊళ్లో..." అని మొదలుపెట్టాను. చినబాబు చెయ్యెత్తాడు. "అలా కాదు మేడం, 'ఓపెన్ చేస్తే' అనాలి." (సినిమా కథలు చెప్పేవాళ్లందరూ అలాగే మొదలుపెడతారని నాకప్పుడే తెలిసింది. అయిదేళ్లు విశ్వవిద్యాలయంలో కథనశిల్పం చదివాను, ఎవరూ చెప్పలేదు.) సరే, ఓపెన్ చేస్తే, ఒక ప్లీడరు గారి వంటిల్లు. నిండా పొగ. పొగలోంచి ఒకామె దగ్గుతూ బయటికి వస్తుంది. ఆ ఇంట్లో ఆమె ఎన్నో ఏళ్లుగా వంటమనిషి. ప్లీడరు గారికీ, భార్యకీ, కొడుక్కీ ఎవరికి ఏది ఎంత కారంగా కావాలో ఆమెకు తెలుసు. ఆమె పేరేమిటో మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, అందరూ వంటమ్మా అనే పిలుస్తారు.

చెప్తూ చెప్తూ నాకే ఉత్సాహం వచ్చేసింది. చీర కొంగు బిగించాను. ప్లీడరు గారిలా గొంతు పెంచాను, ఆయన భార్యలా మూతి తిప్పాను, తిరగమోతకి 'చుయ్' మన్నాను. కిటికీ అవతల వరండాలో కరస్పాండెంటు గారు ఒక క్షణం ఆగి, నన్ను చూసి, బహుశా ఇవాళ షూటింగేమైనా ఉందా అనుకొని వెళ్లిపోయారు. కథలో ప్లీడరు గారి కొడుకు మెళ్లో బంగారు గొలుసు పోతుంది. ఇల్లంతా వెతుకుతారు. భోజనాల వేళ, వంటమ్మ వంగి పప్పు వడ్డిస్తుంటే, ప్లీడరు గారు విస్తరి మీంచి తలెత్తకుండా, 'వంటమ్మా, నీ పెట్టె ఒకసారి ఇక్కడికి తెచ్చి తెరువు' అంటాడు. వంటమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోతుంది.

అక్కడ నేనూ ఆగిపోయాను. గంట కొట్టడానికి ఇంకా టైముంది.

"తర్వాత?" అన్నాడు చినబాబు. నిటారుగా కూచుని ఉన్నాడు.

"ఇంటర్వెల్."

"ఇంటర్వెల్ తర్వాత ఏమైంది మేడం?"

"పుస్తకంలో ఉంది," అని చాక్‌పీసు పడేసి బయటికొచ్చేశాను.

వెనక ఎంత గోల జరిగిందంటే పక్క క్లాసు ఫిజిక్సు లెక్చరరు వచ్చి తలుపు కొట్టాడు. జీవితంలో అంత పొగరుగా నేను మళ్లీ ఎప్పుడూ నడవలేదు.

మర్నాడు పిల్లలు పుస్తకం చదివి వచ్చేస్తారనుకుంటే అది నా అమాయకత్వం. అందరూ కలిసి గైడు కొన్నారు. (గైడంటే తెలుసుగా, పుస్తకం చదవకుండా పరీక్ష రాయడానికి వేరే పుస్తకం.) కానీ ఆ గైడు రాసిన మహానుభావుడు కూడా నవల చదివినట్టు లేదు. "గైడులో గొలుసే లేదు మేడం, చీటింగు!" అని చినబాబు లబోదిబోమన్నాడు. గత్యంతరం లేక నవల తీశారు. మధ్యాహ్నం కాలేజీ వెనక బండరాళ్ల మీద కూచుని ఒకరు చదివితే మిగతావాళ్లు వినడం మొదలుపెట్టారు. చదివేవాడు రహమత్ నగర్ కుర్రాడు. వాళ్ల నాన్న సినిమాల్లో హీరోలకి బదులు మేడల మీంచి దూకుతాడు కాబట్టి పిల్లలు వీణ్ని డూపు అనేవారు. వాడికి కోపం వచ్చేది కాదు. "మా నాయన పనే గది మేడం, గందుల సిగ్గేముంది?" అనేవాడు. చినబాబు తన తండ్రిలా రాయి మీద వెల్లకిలా పడుకొని, కళ్లు మూసుకొని వినేవాడు. నాలుగో రోజున పరుగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, వాడు పేజీలు దాటేస్తున్నాడు! ప్లీడరు భార్య వచ్చిన చోటల్లా తిప్పేస్తున్నాడు."

"ఆమె లొల్లి ఎవనికి గావాలె మేడం," అన్నాడు డూపు వెనకనుంచి.

"చూడండి! నాకు కావాలి!"

ఆ కోపంతో చినబాబు అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాడు. నేను ఏ పాఠం చెప్పీ నేర్పలేకపోయాను, ఇది ఒప్పుకోవాలి.

గొలుసు చివరికి ఆ సుపుత్రుడి కోటు జేబులోనే దొరుకుతుంది. వంటమ్మకి ఎవరూ 'పొరపాటైంది' అని ఒక్క మాట అనరు. ఆమె పెట్టె మూసుకొని, మళ్లీ వంటింట్లోకి వెళ్లి, ఆ రాత్రి వంట చేస్తుంది. తర్వాత ఎన్నో ఏళ్లు చేస్తుంది. చివరి అధ్యాయంలో ఆ కొడుకు పెళ్లి. ఊరంతా బంతి భోజనాలకి వస్తుంది. పప్పు, పులుసు, కూరలు, పచ్చళ్లు, అన్నీ ఘుమఘుమలాడుతుంటాయి, ఒక్కదాంట్లోనూ ఉప్పు ఉండదు. ప్లీడరు గారు కేకేస్తాడు. వంటింట్లో పొయ్యి ఆర్పి ఉంటుంది, వంటమ్మ ఉండదు. అంతే, నవల అయిపోయింది. ఎందుకలా చేసిందో రచయిత ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ రోజు క్లాసులో జరిగింది నేను బతికున్నంత కాలం మరిచిపోను. నేను పెద్దగా ఏమీ అడగలేదు. వంటమ్మ ఉప్పెందుకు వెయ్యలేదర్రా అన్నాను, అంతే.

"మర్చిపోయిందేమో మేడం," అన్నాడు ఎవరో. డూపు దిగ్గున లేచాడు. "ఏందిరా మరిసేది? గన్నేండ్లు ఒండినామె ఉప్పు మరుస్తదా? కావాల్ననే ఎయ్యలే మేడం. మా నాయన గన్నిసార్లు పైకెల్లి దుంకిండు, ఒక్కనాడన్న ఆయన మొఖం గనవడనిచ్చిండ్రా? కాలిరిగి పండుకుంటే ఒక్కడన్న వచ్చి ఎట్లున్నవని అడిగిండా?" అని, ఇంకేదో అనబోయి, అందరూ తననే చూస్తున్నారని గమనించి గమ్మున కూచున్నాడు. చినబాబు "ఉప్పు వెయ్యకపోతే ఏముంది మేడం, టేబుల్ మీద ఉంటుందిగా, వేసుకుంటారు" అన్నాడు. (మేడలో పెరిగినవాడు, బంతి భోజనం వాడెప్పుడు చూశాడు!) అందరూ వాడి మీద పడ్డారు. ఆ గోలలో చివరి బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. జూన్‌లో చేరిన దగ్గర్నుంచీ హాజరు పలకడానికి తప్ప ఆ పిల్ల నోరు తెరవడం నేను చూడలేదు. వాళ్లమ్మ డబ్బింగ్ ఆర్టిస్టు, తెలుగు రాని హీరోయిన్లందరికీ గొంతు ఆమెదే.

"మా అమ్మకి ఒకసారి గొంతు పోయింది మేడం. రాలేనని చెప్పింది. ఎప్పుడూ ఫోను కూడా చెయ్యనివాళ్లు ఆ సాయంత్రం మా ఇంటికి కార్లేసుకొని వచ్చారు. గుమ్మంలో నిలబడి బతిమాలారు. అమ్మ మిరియాల పాలు తాగుతూ తల అడ్డంగా ఊపింది. ఆ రోజు అమ్మ ఎంత సంతోషంగా ఉందో మేడం. వంటమ్మ కూడా ఆ బస్సులో నవ్వుకుంటూనే వెళ్లి ఉంటుంది."

నవలలో బస్సు లేదు. ఆ పిల్ల ఆమెను బస్సెక్కించింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, బోర్డు తుడుస్తున్నట్టు అటు తిరిగాను. గంట కొట్టారు, ఎవరూ లేవలేదు. సాహిత్యం అంటే ఇదేనర్రా అని చెప్పాలనుకొని, తుడిచిన బోర్డే మళ్లీ తుడిచాను. ఆ సాయంత్రం ఇంటికెళ్లి పిన్నిని పట్టుకొని గిరగిరా తిప్పాను. "నెల జీతం పెంచారా?" అంది పిన్ని. కాదని చెప్పాను. "మరెందుకే ఈ సంబడం?" అంది.

అర్ధ సంవత్సరం పరీక్షలొచ్చాయి. నవల నుంచి వచ్చిన పెద్ద ప్రశ్న చూసి నేను గాల్లో తేలిపోయాను. వంటమనిషి పెళ్లివిందులో ఉప్పు వేయకపోవడానికి కారణమేమిటి, వివరింపుము! మా పిల్లలు పేపర్లు అడిగి అడిగి రాశారు. ఇన్విజిలేషన్‌కి వచ్చిన ఫిజిక్సు లెక్చరరు, "తెలుగులో ఇంత రాయడానికి ఏముందండీ?" అని ఆశ్చర్యపోయాడు. నాకు నవ్వొచ్చింది. మార్కులిచ్చేది నేనైతే ఆ కథ వేరుగా ఉండేది. పబ్లిక్ పరీక్షలాగే ఉండాలని కరస్పాండెంటు గారు పేపర్లన్నీ బయట ఒక సీనియర్ లెక్చరరు గారికి పంపారు. ఎంతో అనుభవం ఉన్న మనిషట, గైడు ఎదురుగా పెట్టుకొని గంటకి కట్టల కొద్దీ దిద్దేస్తారట.

గైడులో ఆ ప్రశ్నకి జవాబు ఇలా ఉంది: వంటమనిషి వృద్ధాప్యం వల్ల ఉప్పు వేయడం మరచిపోయినది. దీని ద్వారా రచయిత వృద్ధుల పట్ల మనము దయ కలిగి ఉండవలెనని సందేశమిచ్చినాడు.

నా పిల్లల్లో ఒక్కరు కూడా ఆమె మరిచిపోయిందని రాయలేదు. పేపర్లు ఎర్ర సిరాతో తిరిగొచ్చాయి. జవాబు మొదటి నుంచి చివరి దాకా అడ్డంగా ఒక్క గీత, పక్కన సున్నా. చినబాబు పేపరు మీద 'సొంత కవిత్వం వద్దు' అని కూడా రాసి ఉంది. వాడేం రాశాడో నాకిప్పటికీ గుర్తే. 'విషం వేస్తే ఆమె చెడ్డది అంటారు. ఉప్పు వెయ్యకపోతే ఏమీ అనలేరు. ఎందుకు వెయ్యలేదని అడగాలి. అడగాలంటే ఆమె పేరు తెలియాలి.' అక్షరాలు వంకరటింకరగా, ఒత్తులు తప్పుగా, సరిగ్గా ఈ నాలుగు ముక్కలే. ఇది రాసిన వాడు ఆర్నెల్ల క్రితం లైన్ చెప్పేయండి చాలు అన్నవాడు. నేను ఆ పేపరు పట్టుకొని కరస్పాండెంటు గారి గదిలోకి వెళ్లాను. ఆయన ముందు ఇంకెవరో కూచుని ఉన్నారు, తెల్ల బట్టలు, చేతికి బోలెడు ఉంగరాలు. చినబాబు తండ్రి.

"రామ్మా, నీ గురించే అనుకుంటున్నాం," అన్నారు కరస్పాండెంటు గారు.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు ప్రొడ్యూసరు గారు. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక అడుగుతున్నాడు. "మావాడు సొంతంగా రాశాడంట. సొంతంగా రాయడం ఏంటమ్మా? అన్ని లక్షలు పెట్టి సినిమా తీసే మేమే సొంతంగా రాయించుకోం. అరవంలో ఆడిందో, హిందీలో ఆడిందో చూసుకుని హక్కులు కొనుక్కుంటాం. ఇంటర్మీడియట్ పిల్లాడికి ఎందుకు చెప్పు ఆ రిస్కు?"

"బాగా రాశాడు సార్. ఒక్కసారి చదవండి," అని పేపరు ముందుకి జరిపాను.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. "కథ చెప్పాడమ్మా మావాడు, భోంచేస్తూ విన్నాను. ఫస్టాఫ్ బాగుంది, ఆ పెట్టె తెరవమనడం అదీ. సెకండాఫ్ వీకు. క్లైమాక్సులో ఉప్పేంటమ్మా, విషం పెట్టించాలి."

కరస్పాండెంటు గారు పెద్దగా నవ్వారు. ఆ గదిలో నవ్వు రానిదాన్ని నేనొక్కదాన్నే. పిల్లలకి నేను నేర్పింది తప్పా అని అడిగాను. "తప్పని ఎవరన్నారమ్మా? బ్రహ్మాండంగా చెప్తున్నావంట. కానీ మార్కులు చూశావుగా," అన్నారు ఆయన. అనుకున్న ప్రకారం అందర్నీ సంస్కృతానికి మార్చేస్తున్నానని, తల్లిదండ్రులు సంతకాలు కూడా పెట్టేశారని చెప్పారు. చదవని పిల్లలు చదివినందుకు ఆ సెక్షను మూతపడింది. మరిచిపోయింది అని ఒక్క ముక్క రాసి ఉంటే బతికిపోయేవాళ్లం. నేను లేవబోతుంటే ఆయన ఆపారు.

"నువ్వెక్కడికీ పోనక్కర్లేదు. ఆ సంస్కృతమేదో నువ్వే చెప్పు."

"నాకు సంస్కృతం రాదండీ."

"గైడుందిగా."

ఇంటికొచ్చి పిన్నికి చెప్పాను. పిన్ని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. "సంస్కృతమా? నీకొచ్చా?" అంది. "రాదు పిన్నీ." "మరి పిల్లలకి?" "వాళ్లకీ రాదు." "ఇంకేం, పేచీ లేదు," అని పిన్ని మళ్లీ చిక్కుడుకాయల్లో పడింది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. రాజీనామా చెయ్యాలని ఎంతో గొప్పగా అనుకున్నాను, చెయ్యలేదు. నాన్న పోయి అప్పటికి ఏడాది, అమ్మ, తమ్ముడు తెనాలిలో నా జీతం కోసం చూస్తూ ఉంటారు. ఇందులో దాచుకోవలసిందేమీ లేదు. కానీ ఆ కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు.

సోమవారం అదే గది, అదే పిల్లలు. డూపు శనివారమే ఆఫీసుకి వెళ్లి, "నేను తెలుగే సదువుత సార్" అని చెప్పి వచ్చాడట. ఒక్కడి కోసం సెక్షను నడపరు కదా. నేను సంస్కృతం గైడు తెరిచి, రాని భాషలో, తెలియని అర్థంతో జవాబులు చదువుతూ పోయాను. వాళ్లు రాసుకుంటూ పోయారు. ఎంత నిశ్శబ్దంగా ఉందో ఆ క్లాసు! ఎవరూ నిద్రపోలేదు, ఎందుకంటే రాసుకోవాలి. ఎవరూ పోట్లాడుకోలేదు, ఎందుకంటే పోట్లాడుకోవడానికి అందులో ఏమీ లేదు. కాసేపటికి డూపు పెన్ను పైకెత్తాడు.

"మేడం, దీంట్ల కథేంది?"

పిల్లలందరూ తలెత్తి నా వైపు చూశారు. చినబాబు నిటారుగా కూచున్నాడు. చివరి బెంచీలో అమ్మాయి పెన్ను కింద పెట్టేసింది. ఆ శ్లోకాల వెనక గొప్ప కథే ఉండి ఉంటుంది, ఉండకుండా ఎలా ఉంటుంది? నాకు తెలియదు. తెలుసుకొని చెప్పేందుకు టైము లేదు, పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి.

"కథ లేదురా. నాలుగో జవాబు రాసుకో," అన్నాను.

వాడు రాసుకున్నాడు.

ఆ ఏడు మా కాలేజీకి సంస్కృతంలో వచ్చిన మార్కులు చూసి కరస్పాండెంటు గారు పెద్ద బ్యానరు కట్టించారు. వార్షికోత్సవంలో నాకు ఉత్తమ అధ్యాపకురాలని షీల్డు ఇచ్చారు. 'విద్యార్థుల హృదయాల్లో సాహిత్యాభిరుచిని పాదుకొల్పిన' అని మైకులో చదివారు. పట్టుచీర కట్టుకొని (పిన్నిదే) స్టేజీ ఎక్కుతుంటే వెనక వరసల్లోంచి మా పిల్లలు ఈలలు, కేకలు, హీరో తెర మీదికి వచ్చినప్పుడు హాల్లో వేసే గోలంతా వేశారు. వాళ్ల చప్పట్లలో వెటకారమేమైనా ఉందేమోనని చెవులు రిక్కించి విన్నాను. ఉంటే ఎంత బాగుండేదో! లేదు. నిజంగానే సంతోషపడ్డారు, పాపం. మార్కులొచ్చాయి, మేడం ఉద్యోగం నిలబడింది, ఇంకేం కావాలి? కిందికి దిగాక డబ్బింగ్ అమ్మాయి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "కాలేజీ ఫస్టు నేనే మేడం! ఒక్క ముక్క అర్థం కాలేదు!" అని పకపకా నవ్వింది. ఆ పిల్ల అలా నోరు విప్పి మాట్లాడడం అప్పుడు రెండోసారి విన్నాను. నేనూ నవ్వి, బుగ్గ మీద చెయ్యి వేసి, మంచిదమ్మా అన్నాను.

ఫొటో తీసినాయన సినిమాలకి స్టిల్స్ తీసేవాడే, ఆ సాయంత్రం ఖాళీగా ఉంటే కరస్పాండెంటు గారు పట్టుకొచ్చారు. షీల్డు గుండెలకి ఆనించుకోమన్నాడు. గడ్డం కాస్త పైకెత్తమన్నాడు. ఒకసారి తీసి, పెదవి విరిచి, "మేడం, ఎక్స్‌ప్రెషన్ రావట్లేదండీ, మంచి జరిగింది కదా, అది కనబడాలి" అన్నాడు. ఇంకోసారి తీశాడు, తల అడ్డంగా ఊపాడు. వెనక నించున్న పిల్లలు, "మేడం, నవ్వండి మేడం!" అని అరిచారు. వాళ్ల వైపు చూశాను, నవ్వొచ్చేసింది. ఆయన టక్కున నొక్కి, "ఓకే, సూపర్!" అన్నాడు.

ఆ ఫొటో ఇప్పటికీ మా హాల్లో ఉంది. వచ్చినవాళ్లు చూసి, ఆ రోజుల్లో ఎంత హాయిగా ఉండేదానివో అంటారు. నేనూ దగ్గరికెళ్లి చూస్తుంటాను. పిన్ని పట్టుచీరలో, రాని భాషకి వచ్చిన షీల్డుతో, ఇరవై నాలుగేళ్ల పిల్ల. ఎంత చక్కగా నవ్విందో, నిజమే అనుకుంటారు ఎవరైనా.